సంచి చూపించి వెళ్లేవాళ్లం

పరాయి దేశంలో ఇద్దరు తెలుగువాళ్లు ఎదురుపడితే ముందు నవ్వుకుంటారు. ఆ నవ్వు ఆరకముందే ఒకరు అడుగుతారు, మీదే ఊరండీ అని. న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్ ఊరి సూపర్‌మార్కెట్‌లో ఉల్లిపాయల దగ్గర నన్ను అలా అడిగినావిడ తర్వాత తర్వాత నాకు సొంత పిన్ని కంటే ఎక్కువైంది. ఆ రోజు మాత్రం ఆవిడకి అబద్ధం చెప్పాను. మాది గుంటూరన్నాను.

గుంటూరంటే వదిలిపెడతారా మనవాళ్లు? గుంటూరులో ఎక్కడ అంది. బ్రాడీపేట అన్నాను. ఎన్నో లైను అంది. నర్సింగ్ చదివేటప్పుడు మా హాస్టల్ ఆ పేటలోనే ఉండేది కాబట్టి నాలుగో లైనని చెప్పి బతికిపోయాను. ఆవిడ మేనమామగారిల్లు ఐదో లైనట. అయ్యో, మనం పక్క వీధివాళ్లమే కదమ్మా అని నా చెయ్యి పట్టుకుంది. నాకు సిగ్గేసింది, కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

రెండు వేల ఐదు ప్రాంతం మాట ఇది. నేను ఒక రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లని చూసుకునే నర్సుని. ఆవిడని ఆంటీ అనేదాన్ని. అంకుల్‌ది కంప్యూటర్ల ఉద్యోగం. ఆ ఊళ్లో ఉన్న కాసినిమంది తెలుగువాళ్లం శనివారాలు వాళ్లింట్లోనే చేరేవాళ్లం. నా మొదటి చలికాలం ఫ్లాట్‌లో హీటర్ చెడిపోయి దగ్గుతో మూలుగుతుంటే, ఆంటీ కారేసుకుని వచ్చి నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది. మిరియాల చారు పోసి, తన స్వెటర్ తొడిగి, నాకు నయమై వచ్చేసే రోజున వాళ్లింటి రెండో తాళంచెవి నా చేతిలో పెట్టింది. మేం ఉన్నా లేకపోయినా వస్తూ పోతూ ఉండు, ఇది నీ పుట్టిల్లనుకో అంది. వాళ్లు ఆక్లాండ్ వెళ్తే మొక్కలకి నీళ్లు పోసేది నేనే. ఈ దేశంలో నాకున్న చుట్టరికమంతా ఆ తాళంచెవే. మా ఊరి పేరు బయటపడితే అలాంటిదేదీ నా చేతిలో నిలవదని నాకు ఉల్లిపాయల దగ్గరే తెలుసు.

మా ఊరి పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. రైల్లో ఎదురుసీటాయన మీకు జంతికలు పెడతాడు, పిల్లల చదువుల గురించి మాట్లాడతాడు. మీదే ఊరమ్మా అంటాడు. మా ఊరి పేరు చెప్పగానే ఆయన కాలు తన పెట్టెని మెల్లగా సీటు కిందకి తోస్తుంది. కావాలని చెయ్యడు పాపం, పెద్దమనిషే. కాలు దానంతటదే కదులుతుంది. అలాంటి ఊరు మాది.

తెల్లదొరల కాలంలో కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే దొంగలని చట్టం రాశారు. తల్లి కడుపులోంచి బయటపడ్డ పిల్లకి కూడా వర్తించే చట్టం. అలాంటివాళ్లని తెచ్చి ఒకచోట పెట్టి సెటిల్‌మెంట్ అన్నారు. మా ఊరు అలా పుట్టిందే. మా తాత అక్కడివాడు. పొద్దున హాజరు, సాయంత్రం హాజరు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. చుట్టుపక్కల ఎవరింట్లో చెంబు కనపడకపోయినా ముందు మా గుడిసెలే వెతికేవాళ్లు. దాంతో తాతకి ఒక అలవాటైంది. ఎవరింటికి కూలికెళ్లినా బయటికొచ్చేముందు గుమ్మంలో నిలబడి, తుండుగుడ్డ దులిపి, మూట విప్పి, చూసుకోండి దొరా అనేవాడు. చట్టం ఎప్పుడో పోయింది. అలవాటు పోలేదు.

మా నాన్న చదువుకుని మిషన్ బడిలో లెక్కల మాస్టారయ్యాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, ఊరంతా నమస్కారం పెట్టే మనిషి. అయినా ఒకరింటికెళ్తే, వచ్చేముందు గుమ్మం దగ్గర చేతిసంచి నోరు తెరిచి, చూసుకోండమ్మా అంటాడు. చిన్నప్పుడు నా స్నేహితురాలి ఇంట్లో ఆయన అలా చేస్తే వాళ్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత నాన్నతో ఎవరింటికీ వెళ్లలేదు నేను. ఏదో ఒక వంక చెప్పేదాన్ని.

నా నర్సింగ్ డిప్లొమాని ఇక్కడ డిగ్రీ చేసుకోవాలంటే యూనివర్సిటీలో కొన్ని పేపర్లు చదవాలి. డ్యూటీ వేళలకి కుదిరింది కదా అని సోషియాలజీలో నేరాల మీద ఉన్న పేపరు తీసుకున్నాను. లోకంలో ఇన్ని చదువులుండగా నాకు అదే దొరికింది చూడండి, ఖర్మ. పాఠం చెప్పే ఆవిడ నెరిసిన జుట్టుతో, సైకిల్ మీద వచ్చే కివీ ఆవిడ. మంచి మనిషి. మొదటి క్లాసులోనే తెర మీద పాత ఫోటోలు వేసింది. అన్నీ ఖైదీల ముఖాలు. వెనకటికి ఇటలీలో ఒక డాక్టరు జైళ్లలో పుర్రెలు కొలిచి, పెద్ద దవడ, బయటికి పొడుచుకొచ్చిన చెవులు, పొడుగు చేతులు ఉన్నవాళ్లు పుట్టు నేరస్తులని తేల్చాడట. ఆవిడ నవ్వుతూ, మీ పక్కవాళ్ల దవడలు కొలవండి అంది. క్లాసంతా ఒకటే గోల, ఒకరి చెవులు ఒకరు పట్టుకుని చూసుకోవడం. నా పక్కనున్న మావోరీ అమ్మాయి, తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఈ నేల మీదున్నవాళ్ల పిల్ల, నా చెవుల వంక చూసి, నువ్వు సేఫ్ అంది. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి అద్దం ముందు జుట్టు పైకెత్తి చూసుకున్నాను. మా నాన్న చెవులు కొంచెం బయటికి ఉంటాయి.

తర్వాతి క్లాసుల్లో ఆ డాక్టరుని పక్కకి నెట్టినవాళ్ల గురించి చెప్పింది. నేరం పుర్రెలో లేదు, మనిషి పెరిగే పేటలో ఉంది, దొరకని పనిలో ఉంది అన్నవాళ్లున్నారు. ఒకాయనైతే అసలు నేరం లేని సమాజమే ఉండదన్నాడట. అందరూ సన్యాసులే ఉన్న మఠంలో కూడా ఎవడో ఒకడి చిన్న తప్పుని పట్టుకుని పెద్దది చేస్తారట, వాణ్ణి వేలెత్తి చూపిస్తేనే మిగిలినవాళ్లకి తాము మంచివాళ్లమని తెలుస్తుందట. ఇది విని నాకు ఒళ్లు మండింది. ఇంత చిన్న సంగతి కనిపెట్టడానికి ఐరోపా దాకా వెళ్లాలా, మా తాతని అడిగితే హాజరు క్యూలో నిలబడే చెప్పేవాడు కదా.

మావోరీ అమ్మాయి చెయ్యెత్తి, నేను డైరీలోకి అడుగుపెడితే చాలు, ఓనరు కౌంటర్ దాటి నా వెనకాలే తిరుగుతాడు అంది. డైరీ అంటే ఇక్కడ వీధి చివర చిల్లర కొట్టు. చాలావాటికి ఓనర్లు మన దేశంవాళ్లే. ఆ పిల్ల నన్ను ఏమీ అనలేదు, నా వంక చూడను కూడా లేదు. అయినా నేను తల దించుకున్నాను.

అప్పుడే టీచరు, ఆ పుర్రెల పిచ్చి సముద్రాలు దాటింది, బ్రిటిష్ ఇండియాలో ఊళ్లకి ఊళ్లనే పుట్టు నేరస్తులన్నారు అని చెప్పి, క్లాసులో ఉన్న ఒకే ఒక్క ఇండియన్‌ని నేనే కాబట్టి, నీకు దీని గురించి తెలుసా అని అడిగింది. ఎంతో ఆదరంగానే అడిగింది.  తెలియదండీ, అది ఎక్కడో ఉత్తరాదిలో అయ్యుంటుంది, మా వైపు అలాంటివి లేవు అన్నాను. ఇంగ్లీషులో చెప్పానేమో, అబద్ధం ఇంకా శుభ్రంగా వచ్చింది.

ఆ ఏడాది మార్చిలోనే నాన్న నన్ను చూడడానికి వచ్చాడు. మా అమ్మ పోయి అప్పటికి కొంతకాలమైంది. ఎయిర్‌పోర్టులో పెట్టెలు విప్పించి పచ్చళ్లు చూస్తుంటే, ఆ తనిఖీ ఆఫీసరు కంటే నాన్నే హాయిగా ఉన్నాడట. అడక్కుండానే అన్నీ విప్పి వరసగా పెట్టాడట. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టాక కూడా కౌంటర్ అమ్మాయికి సంచి తెరిచి చూపించాడు. ఆ పిల్ల ఏమీ అర్థం కాక, హౌ స్వీట్ అంది. నేను నాన్న మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కారులో కూర్చోగానే మొదలుపెట్టాను. ఇక్కడ ఎవరూ ఎవరి సంచులూ చూడరు, ఆంటీవాళ్లింట్లో ఇలాంటి వేషాలు వెయ్యకు, ఊరు అడిగితే గుంటూరని చెప్పు, బ్రాడీపేట, నాలుగో లైను అన్నాను. నాన్న కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ విన్నాడు. సరేనమ్మా అన్నాడు. కాసేపటికి, నాలుగో లైన్లో మన ఇల్లు ఎటువైపు, ఎవరైనా అడిగితే తప్పు చెప్పకూడదు కదా అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడా, నిజంగా అడుగుతున్నాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

ఉగాదికి ఆంటీ అందరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. ఇక్కడ ఉగాదికి ఆకులు రాలుతుంటాయి. మామిడికాయ దొరక్క పచ్చడిలో పుల్ల ఆపిల్ తరిగేసింది, ఆక్లాండ్‌లో మన కొట్లుండే మౌంట్ రోస్కిల్ నుంచి ఎవరో వస్తుంటే ఎండు వేపపువ్వు తెప్పించింది. నాన్న పచ్చడి తిని, చేదు మాత్రం మన ఊరి చేదేనమ్మా అంటే ఆంటీ మురిసిపోయింది. మాస్టారూ మాస్టారూ అంటూ కొసరి కొసరి వడ్డించింది. నాకు భయం సగం తగ్గింది.

భోజనాల దగ్గర అంకుల్ కారు సంగతి ఎత్తాడు. ఆ వారమే ఎవరో అద్దం పగలగొట్టి స్టీరియో ఎత్తుకుపోయారు. చూసినవాళ్లెవరూ లేరు. అయినా అంకుల్‌కి తెలుసు. ఇక్కడివాళ్లలో కొందరికి అది పుట్టుకతో వస్తుందండీ, రక్తంలోనే ఉంటుంది, ఎంత చదివించినా పోదు అన్నాడు. అందరూ తలలూపారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఒక డాక్టరు, అందరూ. ఇటలీ డాక్టరు పోయాడని మా టీచరు చెప్పింది కానీ, చూస్తే పామర్‌స్టన్ నార్త్‌లో మా అంకుల్ పక్కనే కూర్చుని పులిహోర తింటున్నాడు. ఇది తప్పని చెప్పడానికి ఆ గదిలో పుస్తకాలు చదివిందాన్ని నేనొక్కదాన్నే. పెరుగు కలుపుకుంటూ కూర్చున్నాను. నాన్న తినడం ఆపి అంకుల్ వంక చాలా మర్యాదగా చూశాడు.

వెళ్లేముందు గ్రూప్ ఫోటో తీసుకుందామన్నారు. ఫోటో కదా అని ఆంటీ చంద్రహారం పెట్టుకుందామని లోపలికెళ్లింది. ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు ముఖాన నెత్తురుచుక్క లేదు. సొరుగులో గొలుసు లేదంది. ఆడవాళ్లందరం లోపలికెళ్లి మంచాల కింద, దిండ్ల కింద వెతికాం. అత్తగారు పెట్టిన గొలుసది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, అంతా మనవాళ్లమే కదా అని రెండుసార్లు అన్నారు. ఆ మాట అనడంతోనే అందరికీ అనుమానం పుట్టింది.

నేను హాల్లోకి వచ్చేసరికి నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిసంచి నేల మీద బోర్లించాడు. కళ్లద్దాల పెట్టె, మందులు, రుమాలు, చిన్న బైబిలు. జేబులు బయటికి తీసి ఉన్నాయి. భుజం మీది శాలువా విదిలించి, చూసుకోండమ్మా అన్నాడు ఆంటీతో.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. నాన్నా, ఇటు రా అన్నాను, కుక్కని అదిలించినట్టు. అంకుల్ వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు, మనసులో ఏమీ లేదు ఆయనకి. నవ్వుతూ, "ఇదేంటి మాస్టారూ, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వరస" అన్నాడు.

నాన్న శాలువా మడతపెడుతూ జవాబు చెప్పాడు. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాడు. "మా చిన్నప్పుడు మా నాన్న భుజాలు పోలీసులే తడిమేవాళ్లండీ. రోజూ వాళ్లకెందుకు శ్రమని మేమే తడుముకోవడం నేర్చుకున్నాం."

ఎక్కడండీ అది, గుంటూరులోనా అని అడిగింది ఆంటీ. నాన్న నా వంక చూశాడు. నేను కళ్లతోనే బతిమాలాను. ఆయన సంచిలో ఒక్కొక్క వస్తువే పెట్టుకుని, నిటారుగా నిలబడి, మా ఊరి పేరు చెప్పాడు. ఏ తడబాటూ లేకుండా, బళ్లో హాజరు పలికినట్టు చెప్పాడు.

 సోఫాలో కూర్చున్న డాక్టరుగారి భార్య హ్యాండ్‌బ్యాగ్‌ని ఒళ్లోకి తీసుకుంది. కావాలని చెయ్యలేదు పాపం. చెయ్యి దానంతటదే కదిలింది. ఫోటో ఆ రోజు తీసుకోలేదు.

కారులో నేను నాన్నని తిట్టలేదు. తిట్టడానికి కూడా మనిషికి కాస్త మొహం ఉండాలి. ఆయనే అన్నాడు, వాళ్లు ఇంకోళ్ల రక్తం గురించి అంటుంటే ఊరుకోవచ్చమ్మా, కానీ మీ తాతని గుంటూరువాణ్ణి చెయ్యలేకపోయాను అని. తర్వాత గొర్రెల గురించి మాట్లాడాడు.

మర్నాడు పొద్దున ఆంటీ ఫోను. గొలుసు కందిపప్పు డబ్బాలో దొరికింది. కారు అద్దం పగిలిన రోజునుంచి భయమేసి, దొంగలు వంటింట్లో వెతకరులే అని ఆవిడే పప్పులో పూడ్చిపెట్టింది, మర్చిపోయింది. మన ఆడవాళ్లు ఏ దేశమెళ్లినా బంగారానికి బ్యాంకు పప్పుడబ్బానే. పప్పు కుక్కర్లో పోస్తుంటే గొలుసు జారిందట. ఆవిడ ఫోనులో పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. ఇద్దరం అవసరానికి మించి నవ్వాం. నాన్నగారికి సారీ చెప్పమ్మా అంది. నాన్నకి చెబితే, పోనీలే, దొరికింది అన్నాడు.

ఇక అంతా మామూలే అనుకున్నాను. కొన్నాళ్లకి ఆంటీ మళ్లీ ఫోను చేసింది. ఆక్లాండ్ నుంచి తన కజిన్ వస్తోందట, కొన్ని నెలలు ఉంటుందట, ఆ రెండో తాళంచెవి కావాలట. నీకు వీలున్నప్పుడే, తొందరేం లేదు అంది. గొంతు మెత్తగా ఉంది, మిరియాల చారు పోసిన రోజులాగే. కజిన్ రాలేదని నాకు తర్వాత తెలిసింది. కానీ ఆ క్షణానే నాకు తెలుసు. గొలుసు దొరికినా మా ఊరి పేరు అక్కడే ఉంది కదా.

డ్యూటీ నుంచి సరాసరి వెళ్లాను. దారి పొడుగునా కోపంతో ఉడికిపోయాను. ఆంటీ తలుపు తీసింది. లోపలికి రా, టీ తాగి వెళ్లు అంది. నేను గుమ్మం దాటలేదు. తాళంచెవి ఆవిడ అరచేతిలో పెట్టాను. అంతటితో వచ్చేస్తే సరిపోయేది. నాకేమైందో, ఆవిణ్ణి గట్టిగా కొట్టాలనిపించి, భుజం మీంచి బ్యాగు తీసి, జిప్పు లాగి, ఆవిడ ముఖం ముందు నోరు తెరిచి పట్టుకున్నాను.

"చూసుకోండి ఆంటీ" అన్నాను.

ఆవిడ చూడలేదు. ఛ ఛ, ఏంటమ్మా ఇది అని ముఖం పక్కకి తిప్పేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తాళంచెవి ఉన్న చెయ్యి గుండెకి ఆనించుకుని గోడవైపు చూస్తూ నిలబడిపోయింది.

చూసింది నేను. నా కళ్లు వాటంతటవే బ్యాగులోకి దిగాయి. నర్సు బ్యాడ్జి, ఫ్లాట్ తాళం, టిష్యూలు, తినకుండా మిగిలిన ఆపిల్. అడుగుదాకా వెతికాను. వాళ్ల వస్తువేదీ అందులో లేదు. హమ్మయ్య అనుకున్నాను.